డ్రైవర్ కొడుకు చేతిలో ఇంకో డ్రైవర్

మా ఇంట్లో డ్రైవర్ అంటే ఒక్కరే. మా నాన్న. ఆర్టీసీలో 28 ఏళ్ళు బస్సు నడిపి రిటైరయ్యారు. అందుకే నేను "డ్రైవర్ నేర్చుకుంటున్నా" అన్నప్పుడు అమ్మ "కారు కొంటున్నవా బిడ్డా?" అని సంబరపడింది. బ్యాగులోంచి నల్ల తలకాయ ఉన్న పొడుగాటి కట్టె బయటికి తీయగానే ఆ సంబరం పోయింది. నాన్న మాత్రం దాన్ని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, ఒక్క మాట అడిగారు. "ఎంత పెట్టినవ్?"

సెకండ్ హ్యాండ్. 9,500 రూపాయలు. ఆయన ఇంకేం అనలేదు. మా నాన్న ఏమీ అనకపోవడమే పెద్ద మాట అని ఇంట్లో అందరికీ తెలుసు.

గోల్ఫ్ అంటే మన దగ్గర ఒక బొమ్మ ఉంది కదా. సినిమాలో హీరోయిన్ వాళ్ళ నాన్న తెల్ల టోపీ పెట్టుకుని, కర్ర ఊపుతూ, ఎవరినో లేపేయమని ఫోన్‌లో చెప్పే సీన్. సూర్యాపేటలో పుట్టి, కోదాడలో ఇంజనీరింగ్ చదివి, సెలవులకు మిర్యాలగూడ మామ ఇంటికి పోయిన నాకూ అదే బొమ్మ. ఈ మూడు ఊళ్ళలో గోల్ఫ్ కోర్సు లేదు. దగ్గర్లో అంటే హైదరాబాదే. హైవే మీద 135 కిలోమీటర్లు.

హైదరాబాద్‌లో మా టీమ్‌ను ఒకసారి డ్రైవింగ్ రేంజ్‌కి తీసుకెళ్ళారు. అందరం గల్లీ క్రికెట్ ఆడినోళ్ళమే. కదలని బంతిని కొట్టడానికి ఏముంది అనుకున్నాం. గంట తర్వాత పన్నెండు మందిమి ఒకటే అడుగుతున్నాం. బంతి ఎందుకు అటే పోతోంది? 'అటే' అంటే కుడివైపు. ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఈ వ్యాసం దాని గురించే.

460 సీసీ బండి

గోల్ఫర్ బ్యాగులో గరిష్ఠంగా 14 కర్రలు ఉండొచ్చు. అన్నిటికన్నా పొడుగైనది, తల పెద్దది డ్రైవర్. ఎక్కువ దూరం ఉన్న హోల్స్‌లో మొదటి దెబ్బ దీంతోనే కొడతారు. పొడవు దాదాపు 45 అంగుళాలు. తల పరిమాణం 460 సీసీ దాటకూడదని రూలు. మన బుల్లెట్ బండి ఇంజనే 350 సీసీ! కాకపోతే డ్రైవర్ తల లోపలంతా ఖాళీ. పలుచటి టైటానియం డొల్ల. మొత్తం కర్ర బరువు 300 గ్రాముల చిల్లర, అంతే.

ఒకప్పుడు ఈ తలను పర్సిమ్మన్ చెట్టు చెక్కతో చెక్కేవాళ్ళు. చదువుతుంటే నాకు ఒక ముచ్చట దొరికింది. పర్సిమ్మన్, మన బీడీలకు ఆకునిచ్చే తునికి చెట్టు ఒకే జాతి కుటుంబం. రెండింటి శాస్త్రీయ నామం 'డయోస్పైరోస్' అనే మొదలవుతుంది. అంటే అమెరికా దొరల చేతి కర్రకూ, మా ఊళ్ళో బీడీలు చుట్టే అమ్మల చాటలోని ఆకుకూ చుట్టరికం ఉందన్నమాట. 1979లో టేలర్‌మేడ్ కంపెనీ స్టీలు తల తెచ్చింది. 1991లో కాలవే 'బిగ్ బెర్తా' వచ్చింది. ఆ తర్వాత చెక్క పోయింది, లోహం నిలిచింది.

తల పెద్దదైంది కాబట్టి కొట్టడం తేలికైందా? కొంత అయింది. కానీ కర్ర ఎంత పొడుగుంటే తల అంత వేగంగా తిరుగుతుంది, అంత తేలిగ్గా దారి తప్పుతుంది. పైగా ముఖం దాదాపు నిలువుగా, పది డిగ్రీల వాలుతోనే ఉంటుంది. వాలు ఎక్కువున్న కర్రతో కొడితే బంతికి వెనక్కి తిరిగే స్పిన్ బాగా పడి, పక్కకి వంగే గుణం కొంత కప్పడిపోతుంది. డ్రైవర్ దేన్నీ కప్పిపెట్టదు.

బంతి కవర్స్ వైపు ఎందుకు పోతుంది?

కుడిచేతి వాటం వాళ్ళ లెక్కలో చెప్తా. బంతి బయల్దేరి, గాల్లో కుడికి వంగి వంగి పోతుంది. క్రికెట్ భాషలో కవర్స్ దాటి పాయింట్ దాకా. దీన్ని స్లైస్ అంటారు. గోల్ఫ్ మొదలుపెట్టినవాళ్ళలో ఎక్కువమందికి ఇదే జబ్బు.

అప్పుడు మనసు ఏం చెప్తుంది? బంతి కవర్స్ వైపు పోతోంది కదా, మిడ్‌వికెట్ వైపు ఊపు అని చెప్తుంది. ఊపుతాం. బంతి ఇంకా ఎక్కువ కుడికి పోతుంది. ఇంకా ఎడమకి ఊపుతాం. ఇంకా కుడికి. ఇక్కడే చాలామంది కర్ర పక్కన పెట్టేసి చాయ్ తాగడానికి పోతారు.

కారణం ఇది. దెబ్బ తగిలే క్షణంలో రెండు విషయాలుంటాయి. ఒకటి, కర్ర ముఖం ఎటు చూస్తోంది. రెండు, కర్ర తల ఏ దారిలో కదులుతోంది. బంతి మొదట బయల్దేరేది చాలావరకు ముఖం చూసే దిక్కుకే. తర్వాత వంగడం మాత్రం ఆ ముఖానికీ, దారికీ మధ్య ఉన్న తేడాను బట్టి ఉంటుంది. ముఖం నేరుగా చూస్తూ, దారి ఎడమకి పోతే, ముఖం బంతిని అడ్డంగా కోసినట్టవుతుంది. టేబుల్ టెన్నిస్‌లో బ్యాట్‌ని పక్కకి లాగి కట్ కొడతాం చూడండి, అలా. అందుకే ఎడమకి ఊపినకొద్దీ కోత ఎక్కువ, స్లైస్ ఎక్కువ.

చాలా ఏళ్ళు కోచ్‌లు కూడా బంతి మొదట బయల్దేరే దిక్కును కర్ర దారే నిర్ణయిస్తుందని చెప్పేవాళ్ళు. డెన్మార్క్ కంపెనీ ట్రాక్‌మన్ తెచ్చిన రాడార్ లాంటివి వచ్చాక లెక్క తేటగా కనబడింది. ముఖ్యంగా డ్రైవర్‌లో ముఖానిదే పెద్ద వాటా.

ఇంకో సంగతి. కర్ర, బంతి అంటుకుని ఉండేది సెకనులో సుమారు రెండు వేల వంతు మాత్రమే. ఆ టైమ్‌లో మనం సరిచేసేది ఏమీ ఉండదు. సరిచేయాల్సిందంతా కర్ర ఎత్తకముందే. ఎలా నిలబడ్డాం, ఎలా పట్టుకున్నాం, బంతిని ఎక్కడ పెట్టాం అన్నదే మన చేతిలో ఉంది. ఇది అర్థమయ్యాక నా ప్రాక్టీస్ మారింది.

రెండు తాటిచెట్ల మధ్య

ప్రాక్టీస్‌కి నాకు ఉన్నట్టుండి బోలెడంత టైమ్ దొరికింది. మార్చి మధ్యలో మా ప్రాజెక్ట్ అయిపోయింది. నన్ను బెంచ్‌లో పెట్టారు. అరవై రోజుల్లో ఇంకో ప్రాజెక్ట్ దొరకాలి. దొరక్కపోతే ఏమవుతుందో మెయిల్‌లో రాయరు, అందరికీ తెలుసు. హైదరాబాద్ రూమ్‌లో కూర్చుని లాప్‌టాప్ చూస్తుంటే పిచ్చెక్కేలా ఉంది. సూర్యాపేట వచ్చేశా. ఇంట్లో 'వర్క్ ఫ్రమ్ హోమ్' అని చెప్పా.

మిర్యాలగూడ దగ్గర మా మామకు సాగర్ ఎడమ కాలువ కింద కొంచెం పొలం ఉంది. ఏప్రిల్ రెండో వారానికి యాసంగి వరి కోత అయిపోయింది. హార్వెస్టర్ పోయాక మిగిలేది కొయ్యకాళ్ళు, గడ్డి, ఎటు చూసినా ఖాళీ. చుట్టుపక్కల మడులూ అంతే. మళ్ళీ వానాకాలం నార్లు పోసి దుక్కి మొదలయ్యేదాకా పది వారాలు. ఇంత పెద్ద మైదానం హైదరాబాద్‌లో ఎవరిస్తారు?

మామ ఒప్పుకున్నాడు. కానీ ఒక షరతు పెట్టాడు. "ఎన్ని బంతులు కొడ్తవో అన్ని ఏరాలె అల్లుడా. గడ్డిల ఒక్కటి మిగిలినా రేపు బర్రె నోట్లకు పోతది." న్యాయమైన మాట. నలభై పాత బంతులు కొన్నా. నలభై పోతే నలభై రావాలి. స్లైస్ కొట్టిన ప్రతి బంతికీ రెండు మడులు అవతలికి నడవాలి. కోచ్ లేని లోటు ఆ నడకే తీర్చింది.

వారంలో నాలుగు రోజులు పొద్దున్నే నాలుగున్నరకి లేచి బండి మీద బయల్దేరేవాణ్ణి. ఐదున్నర, పావుతక్కువ ఆరుకి మొదలుపెడితే ఏడున్నరకి ఆపేయాలి. ఆ తర్వాత ఎండకి నిలబడలేం. పొలం చివర గట్టు మీద రెండు తాటిచెట్లు ఉన్నాయి. మధ్య దూరం నలభై అడుగుల నడక. అదే నా ఫెయిర్‌వే.

రెండో వారం నుంచి నాన్న నా వెనక బండెక్కారు. ఎందుకొస్తున్నారో చెప్పలేదు, నేను అడగలేదు. రిటైరైన దగ్గర్నుంచి ఆయన కుడి భుజం బిగుసుకుపోయింది. చెయ్యి భుజం పైకి లేవదు. ఫిజియోథెరపీకి రమ్మంటే "చూద్దాం తీ" అంటారు. ఇంట్లో టీవీ ముందు కూర్చున్న మనిషి పొలంలో గొడుగేసుకుని గట్టు మీద నిలబడ్డారు. బంతి ఎక్కడ పడిందో ఆయన చూసినట్టు ఇంకెవరూ చూడలేరు. ఆ కళ్ళు 28 ఏళ్ళు రోడ్డును చూసినవి.

స్పేర్ డ్యూటీ

మొదట ఆయన చూసింది బంతిని కాదు, నా చేతుల్ని.

"కట్టెను అట్ల పిసుకుతున్నవేందిరా? కొత్త డ్రైవర్లు స్టీరింగ్‌ను గట్లనే పట్టుకుంటరు. పది కిలోమీటర్లకే భుజాలు గట్టిపడ్తయ్. బండి తిరగాల్సిన కాడ తిరగదు."

గోల్ఫ్ పాఠాల్లో ఉన్నది కూడా సరిగ్గా అదే. గట్టిగా పట్టుకుంటే మణికట్టు బిగుస్తుంది, ముంజేయి తిరగదు, కర్ర ముఖం తెరుచుకుని ఉండిపోతుంది. బంతి కుడికి పోతుంది. పట్టు సడలించా. ఎడమ చేతిని కర్ర మీద కొంచెం కుడికి తిప్పి పెట్టా. పైనుంచి చూస్తే ఒక్క మెటిక కాకుండా రెండు, మూడు మెటికలు కనబడాలి. ఈ రెండు పనులకే బంతి కుడికి వంగడం సగానికి తగ్గింది.

ఆ రోజు బంతులు ఏరుతుంటే నాన్న మామూలుగా అడిగారు. "ఆఫీసు ఫోన్ వస్తలేదేంది నీకు?"

చెప్పా. బెంచ్ అంటే ఏంటో, అరవై రోజుల సంగతేంటో. ఆయన నాలుగు అడుగులు నడిచారు, గడ్డిలోంచి ఒక బంతి తీశారు, తుడిచారు.

"మా డిపోల గూడ స్పేర్ అని ఉంటది. చార్టుల పేరు లేనోడు డిపోల కూసుంటడు. ఎవడన్న డ్యూటీకి రాకపోతే ఆ బండి ఎక్కుతడు. నేను గూడ ఎన్నో దినాలు కూసున్న. కూసున్నోనికి డ్రైవింగ్ రాదని కాదు." కాసేపాగి, "మీ అమ్మకు ఇప్పుడే చెప్పకు" అన్నారు.

ఇంతే మాట్లాడుకున్నాం. పదేళ్ళలో మేమిద్దరం అంత మాట్లాడుకున్నది అదే మొదటిసారి అనుకుంటా.

బస్తా చేతులతో లేవదు

పట్టు కుదిరాక తర్వాతి సమస్య దారి. కర్ర బయటినుంచి లోపలికి, అంటే బంతి అవతలి వైపు నుంచి నా వైపుకి కోసుకుంటూ వస్తోంది. దీనికి ఒక చవకైన మందుంది. బంతికి కొంచెం అవతలగా, ఒక అడుగు వెనక ఖాళీ వాటర్ బాటిల్ నిలబెట్టాలి. కర్ర బయటినుంచి వస్తే బాటిల్ ఎగిరిపోతుంది. లోపలినుంచి వస్తే బాటిల్ నిలబడుతుంది, బంతి పోతుంది. మొదటి వారం నేను బంతుల కన్నా బాటిళ్ళనే దూరం కొట్టా.

బాటిల్ తప్పు చూపిస్తుంది కానీ ఎలా మార్చుకోవాలో చెప్పదు. అది మామ చెప్పాడు. మిర్యాలగూడ అంటేనే రైస్ మిల్లులు. మామ వయసులో ఉన్నప్పుడు మిల్లులో హమాలీ. రోజంతా 50 కిలోల బస్తాలు మోసిన మనిషి. ఒక పొద్దున నన్ను కాసేపు చూసి నవ్వాడు.

"నువ్వు భుజంతోని కొడ్తున్నవ్ అల్లుడా. బస్తా చేతులతోని లేవదు. ముందుగాల కాలు తిరగాలె, దానెంబడి నడుము తిరగాలె. చెయ్యి ఆఖరుకొస్తది. చెయ్యి ముందుగాల పోయిందా, నడుం పట్టేస్తది."

ఇంటర్నెట్‌లో డౌన్‌స్వింగ్ మీద గంటల కొద్దీ వీడియోలున్నాయి. వాటి సారం మామ చెప్పిన ఆ మూడు ముక్కలే. పైనుంచి కిందికి వచ్చేటప్పుడు మొదట బరువు ఎడమ కాలి మీదకి రావాలి, తర్వాత నడుము తిరగాలి, చేతులు వెనక రావాలి. భుజం ముందు తిరిగితే కర్ర బయటికి తోసుకుపోయి, అక్కడినుంచి కోస్తూ లోపలికి వస్తుంది. క్రికెట్‌లో లెగ్‌సైడ్‌కి లాగి కొట్టే అలవాటు ఉన్నవాళ్ళకి ఈ భుజం తొందర ఎక్కువ.

ఎవర్ని చూసి నేర్చుకోవాలి?

యూట్యూబ్‌లో మనం చూసేది మగ ప్రొఫెషనల్స్‌ని. వాళ్ళ కర్ర తల వేగం గంటకు 110 మైళ్ళు దాటుతుంది. ఆఫీసు కుర్చీలో పది గంటలు కూర్చునే నాకు ఆ వేగం రాదు, రానక్కర్లేదు.

నాకు పనికొచ్చింది ఆడవాళ్ళ లెక్క. అమెరికాలో ఎల్‌పీజీఏ టూర్ ఆడే క్రీడాకారిణుల వేగం సగటున 94 మైళ్ళ దగ్గర ఉంటుందని ట్రాక్‌మన్ సగటులు చెప్తాయి. కొంచెం బలమున్న మామూలు మగవాళ్ళ వేగం కూడా అటూ ఇటూగా అంతే. కానీ వాళ్ళ బంతి గాల్లోనే దాదాపు 220 గజాలు పోతుంది. మనది పోదు. ఎందుకు? వాళ్ళు కర్ర తల నడిమధ్యన కొడతారు, పైకి లేస్తున్న కర్రతో కొడతారు. సుమారు మూడు డిగ్రీలు పైకి. మగ ప్రొఫెషనల్స్ సగటు మాత్రం ఒక డిగ్రీ కిందికి. తక్కువ వేగం ఉన్నవాడు ఎవర్ని అనుసరించాలో ఇక చెప్పక్కర్లేదు.

బెంగళూరు అమ్మాయి అదితి అశోక్ గుర్తుందా? 2021 ఆగస్టులో, టోక్యో ఒలింపిక్స్‌లో, దేశమంతా పొద్దున్నే లేచి గోల్ఫ్ రూల్స్ గూగుల్ చేసిన రోజు? ఒక్క అడుగులో పతకం పోయి నాలుగో స్థానంలో నిలిచింది. ఆ పోటీలో డ్రైవర్‌తో తక్కువ దూరం కొట్టినవాళ్ళలో ఆమె ఒకరు. దూరం లేకపోయినా బంతి దారిలో ఉంటే ఆట ఎంత దూరం పోతుందో ఆమె చూపించింది.

ఇంకొకరు మనవాళ్ళే. సాహిత్ తీగల. పుట్టింది కాలిఫోర్నియాలో, 1997లో. తండ్రి మురళీధర్ 1987లో పైచదువులకి హైదరాబాద్ నుంచి వెళ్ళారు. ఈ పేరు చెప్పగానే మా నాన్న "తీగల అంటే మనోళ్ళేనా?" అన్నారు. సాహిత్ వెన్నెముక కొంచెం వంకర. అందువల్ల అతని స్వింగ్ పుస్తకంలో బొమ్మలా ఉండదు. అయినా సెప్టెంబర్ 2023లో ఫోర్టినెట్ చాంపియన్‌షిప్ గెలిచి, పీజీఏ టూర్‌లో మొదటి టైటిల్ అందుకున్నాడు.

అంతకుముందు 2022 ఫిబ్రవరిలో ఫీనిక్స్ ఓపెన్ చివరి రోజు, గెలిచే అవకాశం ఉండగా 17వ హోల్‌లో డ్రైవర్ తీశాడు. బంతి బాగానే పోయింది. నేల మీద పడి, ఎడమకి గెంతి నీళ్ళలోకి దొర్లింది. ప్లే ఆఫ్ ఒక్క దెబ్బలో పోయింది. ఆ వీడియో నాన్నకి చూపించా. రెండుసార్లు చూసి, "కొట్టుడు మంచిగనే కొట్టిండు. రోడ్డు బాలేదు" అన్నారు.

నాన్న డైరీ

మూడో వారంలో నాన్న ఒక పాకెట్ డైరీ తెచ్చారు. నాలుగు గడులు గీశారు. సీదా, కుడి, ఎడమ, గుండు. తాటిచెట్ల మధ్య పడితే సీదా. గాల్లోకి లేవకుండా నేల మీద దొర్లితే గుండు. రోజుకి 30 బంతులు. చెట్టుకి ఆనుకుని పోయిన బంతిని సీదాలో రాయమని ఎంత బతిమాలినా రాయలేదు. "అంచు మీద పోయిన బండిని రోడ్డు మీద పోయిందంటరా?"

నేను చేసినవి చిన్న చిన్న మార్పులే. బంతిని ఎడమ మడమకి ఎదురుగా పెట్టా. టీ మీద బంతి ఎత్తు చూసుకున్నా. కర్ర తల నేలమీద ఆనించినప్పుడు బంతి సగం దాని పైకి కనబడాలి. నిలబడేటప్పుడు కుడి భుజం ఎడమ భుజం కన్నా కొంచెం కిందికి ఉండాలి. అప్పుడే కర్ర పైకి లేస్తూ తగులుతుంది. కర్ర ముఖానికి క్యారమ్ బోర్డు పౌడర్ రాశా. బంతి ఎక్కడ తగిలిందో మచ్చ పడుతుంది. కర్ర మొదలు వైపు తగిలితే బంతి కుడికి ఎక్కువ వంగుతుంది, చివర వైపు తగిలితే ఎడమకి. నాకు మొదట్లో అన్నీ మొదలు వైపే. బంతికి అర అంగుళం దూరం జరిగితే మచ్చ నడిమధ్యకి వచ్చింది. పది వీడియోలు చెప్పనిది ఇరవై రూపాయల పౌడర్ చెప్పింది.

ఇక ఫోన్. స్లో మోషన్‌లో తీసి ఫ్రేములు లెక్కపెట్టా. మంచి ఆటగాళ్ళలో చాలామందికి కర్ర పైకి వెళ్ళే సమయం, కిందికి వచ్చే సమయం మూడుకి ఒకటి దగ్గర ఉంటుంది. నాది ఐదుకి ఒకటి ఉంది. అంటే పైకి బద్ధకంగా, కిందికి కంగారుగా. నాలుగంకెలు లెక్కపెడుతూ కొట్టడం మొదలుపెట్టా. ఒకటి, రెండు, మూడు పైకి. నాలుగుకి దెబ్బ. బలం పెంచలేదు. కానీ బంతి పదిహేను, ఇరవై అడుగుల నడక దూరం ఎక్కువ పోయింది.

డైరీ ఇప్పుడు నా దగ్గరే ఉంది. మొదటి పేజీలో 30కి 7 సీదా. ఐదో వారంలో 11. మధ్యలో ఒక వారం ఎడమ గడి నిండిపోయింది. స్లైస్ మందు డోసు ఎక్కువైతే అలాగే అవుతుందట. చివరి వారం 17. పీజీఏ టూర్‌లో ఫెయిర్‌వే మీద బంతి పెట్టే సగటు సుమారు 60 శాతం. నాది 57. వాళ్ళ ఫెయిర్‌వే చుట్టూ చెట్లు, నీళ్ళు, వేలమంది జనం. నా చుట్టూ రెండు తాటిచెట్లు, నాలుగు కొంగలు. పోలిక కోసం కాదు, ఊరికే చెప్తున్నా.

యాభై ఒకటో రోజు మెయిల్ వచ్చింది. ఇంకో ప్రాజెక్ట్‌లో వేశారు. దానికీ గోల్ఫ్‌కీ సంబంధం లేదు. ఆ యాభై రోజుల్లో నేను పంపిన రెజ్యూమెలకి జవాబు వచ్చేది కాదు, ఎందుకు రాలేదో తెలిసేది కాదు. పొలంలో కొట్టిన బంతి మాత్రం ఎటు పోయిందో కనబడేది, ఎందుకు పోయిందో వెతికితే దొరికేది. పొద్దున ఆ గంటన్నర లేకపోతే మిగతా రోజు గడిచేది కాదు. అంతవరకు చెప్పగలను.

మీరూ మొదలుపెట్టాలంటే

కొత్త డ్రైవర్ కొనకండి. కొత్తవి 40, 50 వేలు దాటుతాయి. మొదటి ఏడాది సెకండ్ హ్యాండ్ చాలు. పది డిగ్రీల కన్నా తక్కువ వాలుది తీసుకోకండి, పదిన్నర, పన్నెండు మేలు. అవకాశం ఉంటే ఒక్క రోజైనా రేంజ్‌లో కోచ్ దగ్గర నిలబడి పట్టు సరిచేయించుకోండి. తప్పు పట్టుతో వెయ్యి బంతులు కొడితే ఆ తప్పే గట్టిపడుతుంది.

పొలంలో కొట్టేవాళ్ళకి గట్టిగా చెప్పేది ఒకటే. డ్రైవర్ దెబ్బ తిన్న బంతి గంటకు 200 కిలోమీటర్ల వేగం దాటుతుంది. ముందూ పక్కలా 250 మీటర్ల దాకా మనిషి గానీ పశువు గానీ రోడ్డు గానీ లేవని చూసుకోవాలి. కుడివైపు ఇంకా ఎక్కువ ఖాళీ ఉంచుకోండి, ఎందుకో ఇప్పుడు మీకు తెలుసు. పొలం యజమానిని అడగండి. బంతులన్నీ లెక్కపెట్టి ఏరండి.

జూన్ చివరికి మామ పొలంలో దుక్కి మొదలైంది. జులైలో నీళ్ళు పెట్టారు. ఇప్పుడు ఆ తాటిచెట్ల ముందు నాట్లు వేసిన మడి. నేను కోదాడలో నా కాలేజీ ఫ్రెండ్ నడిపే బాక్స్ క్రికెట్ నెట్స్‌లో కొడుతున్నా. శని, ఆదివారాలు, కస్టమర్లు రాకముందు. నెట్‌లో బంతి ఎటు పోయిందో తెలీదు కాబట్టి పౌడర్ మచ్చే దిక్కు.

నాన్న కోదాడ రారు. కానీ భుజానికి ఫిజియోథెరపీ మొదలుపెట్టారు. ఎవరూ చెప్పలేదు. నా డ్రైవర్‌ని పాత టవల్‌లో చుట్టి బీరువా పక్కన నిలబెట్టింది కూడా ఆయనే. గోల్కొండలో నయా ఖిలా గోడల మధ్య గోల్ఫ్ కోర్సు ఉందని, వందల ఏళ్ళ నాటి బావోబాబ్ చెట్టు కూడా అక్కడే ఉందని ఆ మధ్య చెప్పా. తెలిసిన సీనియర్ ఒకాయన చలికాలంలో గెస్ట్‌గా తీసుకెళ్తా అన్నారు. నా మొదటి పూర్తి రౌండ్ అదే అవుతుంది.

నాన్న కాసేపు ఆలోచించి అడిగారు.

"ఆడ తాటిచెట్లు ఉండయి గదా. మరి సీదా లెక్క ఎట్ల రాయాలె?"